పళ్లూడగొట్టుకోవడానికి ఏ రాయి మంచిది?

మా వెలుగోడులో చక్కెర వేరు, షుగర్ వేరు. చక్కెర టీలో ఉంటుంది, షుగర్ ఒంట్లో ఉంటుంది. ఒకటి ఇంటికొచ్చిన వాళ్లకు పెట్టేది, ఇంకొకటి ఇంట్లో వాళ్లకు వచ్చేది. రెంటికీ చుట్టరికం ఉందని డాక్టరు చెబితే మా పెద్దోళ్లు నొచ్చుకుంటారు. ఇక గ్లూకోజ్ అంటారా, అది మందు. నీరసమొస్తే సీసాతో ఎక్కించుకునేది. ఒకే తీపికి మూడు పేర్లు పెట్టి ఒకదాన్ని మర్యాదకు, ఒకదాన్ని రోగానికి, ఒకదాన్ని ఆస్పత్రికి పంచిపెట్టిన ఘనత మాది.

అంతా సాఫీగా సాగుతున్న ఈ ఊళ్లోకి పండక్కి అమెరికా అల్లుడొకాయన దిగినాడు. వస్తూ వస్తూ నాలుగో పేరు పట్టుకొచ్చినాడు.

"మీరు అదృష్టవంతులు మామా. మీకింకా కార్న్ సిరప్ రాలేదు. అది విషం. చక్కెరైతే నేచురల్," అన్నాడు మూడో భక్ష్యం మీద నెయ్యి వేయించుకుంటూ.

"దేంతో చేస్తారు నాయనా దాన్ని?"

"మొక్కజొన్నతో."

మామకు నాలుగెకరాల మొక్కజొన్న ఉంది. ఆయన ముఖం చూడాల్సింది.

అల్లుడు చెప్పే విషం సంగతి ఇదీ. చక్కెర కడుపులోకి పోగానే సగం గ్లూకోజ్‌గా, సగం ఫ్రక్టోజ్‌గా విడిపోతుంది. అక్కడి కూల్‌డ్రింకుల్లో పోసే సిరప్‌లోనూ ఉండేవి ఆ రెండే, కాకపోతే తీపిలో ఫ్రక్టోజ్ వాటా నూటికి 55 పాళ్లు. ఇక్కడ యాభై, అక్కడ యాభై ఐదు. ఈ ఐదు పాళ్ల గట్టు మీద నిలబడి ఒక దేశం ఏళ్ల తరబడి కొట్లాడుకుంటోంది. ఫ్రక్టోజ్ బరువు మోసేది ప్రధానంగా కాలేయం. దానికి చదువు రాదు పాపం, ఏ డబ్బా మీద ఏం రాసుందో చూసుకోదు.

అసలు ఆ సిరప్ ఆరోగ్యం చూసి రాలేదు, ధర చూసి వచ్చింది. విదేశీ చక్కెరకు కోటాలు పెట్టి తమ దేశంలో చక్కెర ధర నిలబెట్టుకున్నారు. మొక్కజొన్నకేమో సర్కారు సాయం. 1984 నాటికల్లా అక్కడి పెద్ద కోలా కంపెనీలు చక్కెర వదిలి సిరప్‌కు మారిపోయినాయి. తర్వాత దానికి చెడ్డపేరొచ్చింది. సిరప్ తయారీదార్లు ఏం చేసినారు? 2010లో ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నారు, ఇకమీదట దీన్ని 'మొక్కజొన్న చక్కెర' అని పిలుచుకోనివ్వండి అని. సరుకు మార్చే పని లేదు, బారసాల చేస్తే చాలు. 2012లో అధికారులు కుదరదన్నారు: చక్కెరంటే గట్టిగా, పలుకులుగా ఉండాలి, ఇది ద్రవం కదా! గొడవంతా గట్టిదా, కారేదా అన్న దగ్గర తేలింది. 2025 జులైలో అధ్యక్షుడు ట్రంప్ కోలాలోకి చెరకు చక్కెర రాబోతోందని శుభవార్త చెప్పినాడు, కంపెనీ కూడా అలాంటి సీసా తెస్తామంది. సీసాలో తీపి తగ్గుతుందని మాత్రం ఎవరూ అనలేదు.

అల్లుడు ఇంకో పని చేసినాడు. ఇంట్లో ఉన్న ప్రతి పొట్లాన్నీ తిరగేసి చదివినాడు. పిల్లలు చప్పరించే చాక్లెట్ పొట్లం మీద 'లిక్విడ్ గ్లూకోజ్' అని కనబడింది. గ్లూకోజే కదా అని పక్కన పెట్టేసినాడు. మన దేశంలో లిక్విడ్ గ్లూకోజ్ ఎక్కువగా మొక్కజొన్న పిండితోనే చేస్తారు. ఆయన దొంగని వెతుకుతూ వచ్చినాడు, దొంగ తోబుట్టువు ఎదురొచ్చి నమస్కారం పెడితే ప్రతినమస్కారం పెట్టి పంపినాడు.

నంద్యాల–ఆత్మకూరు రోడ్డు మీద మొక్కజొన్న ఆరబోసిన రోజుల్లో వచ్చి చూడండి. సగం రోడ్డు గింజలది, సగం లారీలది. 2025–26కు మద్దతు ధర క్వింటాలు 2,400 రూపాయలు, కాగితం మీద. చేతిలో ఉన్నట్టే ఉండి దాటిపోవడం మా ఊరికి అలవాటే. శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు, బానకచెర్ల మీదుగా కృష్ణ వచ్చి మా రిజర్వాయర్లో పదిహేడు టీఎంసీల దాకా నిలబడుతుంది. తెలుగుగంగై చెన్నై కొళాయిల దాకా పోతుంది. నీళ్లు అట్లా పోతే, గింజలు కోళ్లకూ పిండి మిల్లులకూ పోయి, పొట్లమై తిరిగొచ్చి అంగట్లో వేలాడతాయి. విషమో అమృతమో, ఆ గింజ పండించిన మామ పొట్లం ధర చూసి వెనక్కి పెట్టేస్తాడు.

పేరు మహిమ తెలియాలంటే అమెరికా దాకా ఎందుకు? విరేచనాలైన పిల్లలకు పట్టే ఓఆర్‌ఎస్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం లీటరుకు గ్లూకోజ్ 13.5 గ్రాములు. దానికి ఎన్నో రెట్లు తీపి నింపిన పానీయాలు అవే మూడక్షరాలు తగిలించుకుని మందుల షాపుల్లోనే దర్జాగా అమ్ముడుపోయినాయి. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఎనిమిదేళ్లు పోరాడితే, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ అక్షరాలు తీసేయమంది. ఎనిమిదేళ్లు, మూడక్షరాలకు.

పేరేదైనా లెక్క చెంచాలదే. అందుకే మా బస్టాండు దగ్గర టీ అంగడి ఆయనకు ఒక సలహా ఇచ్చినా. చక్కెర రోజుకు పన్నెండు చెంచాలు దాటొద్దని పెద్ద పెద్ద సంస్థలు చెబుతున్నాయి, నీ గ్లాసులో ఒక చెంచా తగ్గించప్పా అని. ఆయన నవ్వినాడు. "తగ్గిస్తే గిరాకీ పక్కంగడికి పోతుంది సామీ."

మర్నాడు చూస్తే బోర్డు వేలాడుతోంది: 'ఇచ్చట కార్న్ సిరప్ కలపబడదు.' అల్లుడు దాని ముందు నిలబడి ఫొటో దిగి, టీ తాగి, భేష్ అన్నాడు.

"ఇప్పుడైనా తగ్గించినావా?" అని అడిగినా.

"ఇంకో అరచెంచా పెంచినా సామీ. ఎవరన్నా అడిగితే బోర్డు చూపిస్తా."