గురువుగారూ, ఫోర్ ట్వంటీ

మీకో రహస్యం చెబుతాను, మా బార్ రూంలో మాత్రం ఎత్తకండి. నా కుర్చీ వెనక బీరువాలో వరసగా నిలబడి ఉంటాయే, ఏ.ఐ.ఆర్. వాల్యూములు, వాటిలో చాలావాటిని నేను దుమ్ము దులపడానికి తప్ప తాకలేదు. లోపలికొచ్చిన క్లయింటు ముందు వాటిని చూస్తాడు, తర్వాత నన్ను చూస్తాడు, ఆ తర్వాత ఫీజు దగ్గర బేరం తగ్గిస్తాడు. అందుకే కొన్నాను. మీ ఇంట్లోనూ అలాంటి బీరువా ఒకటి ఉండే ఉంటుంది. నాతో ఎందుకు దాపరికం?

ఇలాంటి నాకు దొరికిన గురువు ఎలాంటివారో చూడండి. రాజమండ్రిలో ప్లీడరీ చేసి, నల్లకోటు విప్పేశాక, అందరిలా గోదావరి గట్టుమీద కూర్చుని పెన్షనర్లతో ప్రభుత్వాన్ని తిట్టుకోక, ఒకటో తరగతి పిల్లాడిలా మళ్లీ చదువు మొదలెట్టారు. ఉర్దూ అక్షరాలు ఒక టైలరు దగ్గర దిద్దుకున్నారు. మనవరాలిని పట్టుకుని ఫోన్‌లో ఈ-కోర్ట్స్ చూడడం నేర్చుకున్నారు, వాయిదాలకు ఒక్క కేసూ లేకుండానే! వసురాయ, రత్నకవి గ్రంథాలయాలు కలిసి ఏర్పడిన మా గౌతమీ గ్రంథాలయంలో ఫ్యాను కింద కుర్చీ ఆయనదే. నేను తీరిక లేదంటే చాలు, నోరి నరసింహశాస్త్రిగారిని తెచ్చి నెత్తిన పడేసేవారు. "రేపల్లెలో ప్లీడరీ చేస్తూనే ఆయన నారాయణభట్టు, రుద్రమదేవి, మల్లారెడ్డి రాశాడోయ్. నీకు వాయిదా పిటిషన్ రాయడానికే తీరిక లేదు!"

ఇంతలో 2024 జులై 1 వచ్చింది. 1860 నాటి పీనల్ కోడ్ పోయి భారతీయ న్యాయ సంహిత అమల్లోకొచ్చింది. 511 సెక్షన్లు 358 అయ్యాయి. 302లో ఉండే హత్య 103కి దిగింది. పోనీ పాతది మరిచిపోదామా అంటే, ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు పాత చట్టమే. అంటే మాకు రెండూ రావాలి. నాకు పాతదే సగం వచ్చు.

ఓ సాయంత్రం ఆఫీసు నిండా క్లయింట్లు. గురువుగారు చేతిలో చిన్న నోట్‌బుక్కుతో వచ్చి, వాళ్ల మధ్యనే కూర్చుని, "ఏమోయ్, మన ఫోర్ ట్వంటీ కొత్త సంహితలో ఎక్కడికి పోయింది?" అన్నారు.

"చూసి చెబుతానండీ" అంటే సరిపోయేది. క్లయింట్ల ముందు ఆ మాట అనగలిగిన లాయరు ఉంటే చూపించండి, కాళ్లకు దండం పెడతాను. కళ్లు సగం మూశాను, సీలింగుకేసి చూశాను, "త్రీ సిక్స్‌టీన్" అన్నాను. "సబ్ సెక్షనో?" అన్నారాయన. "ఫోర్" అన్నాను. రాసుకున్నారు. అక్కడైనా ఆగొచ్చు కదా, ఆగలేదు. అక్కడే ఎందుకు పెట్టారో చెప్పాను, పార్లమెంటు ఉద్దేశం వివరించాను, సుప్రీంకోర్టు రేపు ఏమనబోతోందో కూడా చెప్పేశాను. ఓ క్లయింటు నోరు తెరుచుకుని వింటున్నాడు. ఆ నోరు చూసి ఇంకో పావుగంట పొడిగించాను.

మర్నాడు కోర్టు వరండాలో గురువుగారు నన్ను పక్కకు పిలిచి, ఎవరికీ వినబడకుండా అన్నారు: "నువ్వు చెప్పిన 316 నమ్మకద్రోహమోయ్. అందులో నాలుగు, గుమాస్తా యజమానిని ముంచితే వేసేది. మోసం 318లో ఉంది. సబ్ సెక్షన్ నాలుగే, అది నువ్వు సరిగ్గానే చెప్పావు. సగం మార్కులు." తర్వాత ఆయనే పడీ పడీ నవ్వారు. "ఇక జనం తిట్టుకోవడమెలాగోయ్? వాడొట్టి మూడొందల పద్దెనిమిది బ్రాకెట్లో నాలుగుగాడు అనాలా?"

అప్పుడైనా సిగ్గుపడ్డానా? "మీరు చూస్తారో లేదోనని పరీక్షించానండీ" అన్నాను! ముప్పావు జీవితం చదువుకే ఇచ్చిన మనిషిని పరీక్షించానట, నేను. ఆయన "ఓహో" అని ఊరుకున్నారు. ఆ ఓహో ఎంత పొడుగున్నదో నాకు మాత్రమే తెలుసు.

ఆయన పోయారు. బార్ హాల్లో సంతాప సభ పెట్టాం. మైకు చూస్తే నాకు పూనకం వస్తుందని మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. గొంతు జీరగా చేసుకుని, "చివరి రోజుల్లో కొత్త చట్టం మీద ఏ సందేహం వచ్చినా గురువుగారు నా దగ్గరకే వచ్చేవారు" అన్నాను. సంతాప సభ కాబట్టి చప్పట్లు కొట్టలేదుగానీ, కొట్టదగ్గ వాక్యమే. 316, 318 ఎలాగూ అయిపోయాయి. మరొకడిలా నటించి మోసగించడం 319, ఆ లాంఛనమూ అక్కడే పూర్తి చేశాను.

సభ అయ్యాక అమ్మగారి దగ్గరికి వెళ్లి నమస్కరించాను.

"అవును నాయనా, నీ దగ్గరకే వచ్చేవారు. ఇంటికి రాగానే మళ్లీ పుస్తకం తీసేవారు. ఎందుకండీ, చెప్పాడు కదా అంటే, 'వాడు తడుముకోకుండా చెప్పాడే, తప్పకుండా చూడాలి' అనేవారు" అన్నారావిడ.

పక్కనే నా జూనియర్లున్నారు. ఏదో మెచ్చుకోలు అందుకున్నవాడిలా, తలవంచి మరోసారి చేతులు జోడించాను.