హ్యూస్టన్ ఏకాహ దర్శనం – టీకా తాత్పర్య సహితం

అవతారిక

కాళిదాసుకు వ్యాఖ్య రాయబూనిన మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ అక్కర లేనిది చెప్పననీ ముందే మాట ఇచ్చాడు. ఆయన మన మెదక్ సీమ కొలిచెలమ వాడు. ఇచ్చిన మాట చాలావరకు నిలబెట్టుకున్నాడు కూడా. నాకు అంత నిగ్రహం లేదు కనుక ఆ ప్రతిజ్ఞ జోలికి పోవడం లేదు.

వ్యాఖ్యకు పూనుకున్న గ్రంథం, హ్యూస్టన్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో వేసవిలో తిరిగే ఒక యాత్రా ప్రకటన. కర్త పేరు గోప్యం. ఏ శాస్త్రానికైనా అనుబంధ చతుష్టయం చెప్పాలి కదా. విషయం: ఒక్క రోజులో నగరాన్నీ, నగరానికి ఆగ్నేయంగా పాతిక మైళ్ల దూరాన ఉన్న అంతరిక్ష ప్రదర్శనశాలనూ చూపించడం. ప్రయోజనం: 'జీవితాంతం మరువలేని అనుభూతి'. అధికారి: కొడుకూ కోడలూ ఆఫీసులకు పోయాక ఇంట్లో పొద్దుపోని, కారు నడపడం రాని, తిరుగు ప్రయాణానికి ఇంకా నెలల వ్యవధి ఉన్న తల్లి లేక తండ్రి. సంబంధం: కొడుకు క్రెడిట్ కార్డు.

మూలము: ఉ. 8.30 – 11.30. సమగ్ర నగర సందర్శనం. ఆకాశాన్నంటే డౌన్‌టౌన్, చారిత్రక రైస్ యూనివర్సిటీ, కోటీశ్వరుల రివర్ ఓక్స్, అద్భుత వాటర్ వాల్. (ఫొటో స్టాప్‌లు కలవు.)

టీక: డౌన్‌టౌన్, యూనివర్సిటీ ఇత్యాదులు స్పష్టము. 'సమగ్ర', 'చారిత్రక', 'అద్భుత' అనేవి మీమాంసకులు అర్థవాదమనే జాతివి. విధివాక్యానికి ఊపు రావడానికి పక్కన చేరతాయి గాని వాటి నిజానిజాలు విచారించరాదు. ఈ వాక్యంలో అసలు విధి ఒక్కటే: బస్సెక్కుము.

శంక: మూడు గంటల్లో ఇన్నిటిని చూడడమెట్లు? సమాధానం: దర్శనం ద్వివిధం. సచక్రం, అచక్రం. చక్రాలు తిరుగుతుండగా కిటికీలోంచి కలిగేది సచక్రం. బస్సు ఆగి, మనిషి దిగి, కాళ్ల మీద నిలబడగా కలిగేది అచక్రం. పై జాబితాలో వాటర్ వాల్ ఒక్కటే అచక్రం, తక్కినవన్నీ సచక్రాలే. టికెట్టు వెలలో ఈ భేదం పాటించలేదు.

డౌన్‌టౌన్‌కు సచక్ర దర్శనం బొత్తిగా పొసగదు. అక్కడ నేలకు ఇరవై అడుగుల కింద ఆరు మైళ్ల పైచిలుకు సొరంగ దారులున్నాయి. టెక్సస్ ఎండకు జడిసి ఆఫీసుల వాళ్లు మధ్యాహ్నం తిండికీ కాఫీకీ ఆ దారుల్లోనే తిరుగుతారు. అంగళ్లూ అక్కడే, మనుషులూ అక్కడే. మేము మాత్రం పైన, డెబ్బై అయిదు అంతస్తుల టవరు నీడలోంచి సాగిపోతున్నాం. "చూశారా ఆంటీ, రోడ్లు ఎంత ఖాళీయో, మన దగ్గరైతేనా!" అన్నాడు గైడు కుర్రాడు.

రివర్ ఓక్స్ దగ్గర మాత్రం గ్రంథకర్త తీరుబడి చూపించాడు. పెద్ద గేటు వచ్చినప్పుడల్లా బస్సు నెమ్మదించేది. గైడు ఇంటి ధర మిలియన్లలో చెప్పేవాడు, వెనక సీట్లో ఒక పెద్దాయన దాన్ని కోట్ల రూపాయల్లోకి మార్చి అందరికీ వినిపించేవారు. ఇంత డబ్బు ఎలా వచ్చిందని నేను అడిగాను. "ఆయిల్, అంకుల్. ఇక్కడంతా ఆయిలే" అని తేల్చేశాడు. ఆ ఒక్క ముక్క పట్టుకుని నాలుగు మాటలు చెప్పి ఉంటే ఈ యాత్ర మొత్తానికి అన్వయం కుదిరేది. అది ముందు తెలుస్తుంది.

వాటర్ వాల్ నిజంగా బాగుంటుంది. ఫిలిప్ జాన్సన్ అనే వాస్తుశిల్పి అరవై నాలుగు అంతస్తుల టవరు పక్కన, అంతస్తుకొక అడుగు చొప్పున, 64 అడుగుల ఎత్తున గుర్రపు లాడం ఆకారంలో గోడ కట్టించాడు. నిమిషానికి 11,000 గ్యాలన్ల నీళ్లు దాని మీంచి జారుతుంటాయి. లోపలికి వెళ్లి నిలబడితే పక్కనున్న మనిషి మాట వినబడదు. నా కళ్లద్దాల మీద తుంపర పడింది. తుడుచుకుని పెట్టుకునేలోగా గ్రూపు ఫొటోకు పిలుపొచ్చింది, ముప్పైమందిమీ నీళ్లకు వీపులు పెట్టి నిలబడ్డాం. ఫొటో స్టాప్‌కు లక్షణం చెప్పవలసివస్తే ఇదే: దృశ్యాన్ని వెనకేసుకుని మనిషిని ముందు పెట్టడం.

మూలము: మ. 12.00. భోజన విరామం (ఎవరి ఖర్చు వారిదే).

టీక: వాక్యానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అని మూడు ఉండాలంటారు తార్కికులు. నిప్పుతో తడపమంటే ఆ వాక్యానికి యోగ్యత లేదు. ఊరికి పడమటి దిక్కున వాటర్ వాల్ దగ్గర పదకొండున్నరకు బయల్దేరి పన్నెండింటికి అంతరిక్ష కేంద్రంలో భోంచెయ్యమనడం కూడా ఆ కోవలోదే. ఐ-45 హైవే ఈ గ్రంథాన్ని చదివినట్టు లేదు. చేరేసరికి ఒంటిగంట దాటింది. శాకాహారులకు ఫుడ్ కోర్టులో చిక్కినవి చీజ్ పిజ్జా, ఫ్రెంచ్ ఫ్రైస్.

ఇక్కడ ఒక విశేషం చెప్పకపోతే వ్యాఖ్యాతకు దోషం తగులుతుంది. తెలుగులో ఒక్కరోజు నగర సందర్శనం మీద ఏకంగా ఒక కావ్యమే ఉంది. క్రీడాభిరామం. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు కాకతీయుల ఓరుగల్లులో పనీపాటా లేకుండా తిరగడమే అందులో కథ. ఆ తిరుగుడు ఎట్లాంటిదో చూడండి. కోడిపందెం కనబడితే ఆగుతారు. పొట్టేళ్లు కుమ్ముకుంటుంటే ఆగుతారు. పల్నాటి వీరుల కథ పాడుతుంటే అక్కడా నిలబడిపోతారు. ప్రతాపరుద్రుడి మన్ననలు పొందిన మాచల్దేవి కొత్తగా చిత్రశాల కట్టిస్తే, అందులోకి పోయి గోడల మీది బొమ్మలు ఒక్కొక్కటీ చూస్తారు. వెనక నుంచి "ఫాస్ట్, సెట్టిగారూ" అనేవాడు లేడు. వాళ్లకు గైడు లేడు. ఆ మాటకొస్తే మంచనశర్మకు తెలియని సందు లేదు, ఆయన వ్యాఖ్యానించని మనిషి లేడు.

ఇంతకీ ఆ కావ్యం ఎవరిది? వినుకొండ వల్లభరాయుడిదని గ్రంథంలో ఉంది. కాదు, ఆ నడక, ఆ జాణతనం, ఆ పద్యపు బిగి శ్రీనాథుడికి గాక మరొకడికి రావన్నారు వేటూరి ప్రభాకరశాస్త్రిగారు. మానవల్లి రామకృష్ణకవిగారు ఆ ప్రతిని వెలుగులోకి తెచ్చింది మొదలు ఈ వాదం తెమలలేదు. రావిపాటి త్రిపురాంతకుడి సంస్కృత ప్రేమాభిరామం దీనికి మూలమంటారు. ఆ మూలం దొరకలేదు కనుక అందులో ఎంత అనువాదమో, ఎంత సొంతమో తేల్చే దారి లేదు. నా మటుకు నాకు వల్లభరాయుడి మీద జాలి. ఒకే ఒక్క మంచి పుస్తకం రాసిన పాపానికి, అంత మంచిది నువ్వు రాయలేవు పొమ్మన్నాం. శ్రీనాథుడి ఖాతాలో ఇప్పటికే కాశీఖండముంది, నైషధముంది, భీమఖండముంది, హరవిలాసముంది. ఊరూపేరూ లేని చాటువులన్నీ కూడా ఆయన పేరునే చలామణీ అవుతున్నాయి. ఈ ఒక్కటీ ఆ రాయుడికి వదిలేస్తే శ్రీనాథుడికి ఏం తరుగుతుంది? ఈ మాట వేటూరివారి శిష్యుల ముందు అనే ధైర్యం నాకు లేదు గనుక హ్యూస్టన్‌లో అంటున్నాను.

వదిలేస్తే మరిచిపోతాను, అసలు విషయం భోజనం. మంచనశర్మ చెప్పే పూటకూళ్ల ఇంట్లో ఒక్క రూక ఇస్తే కర్పూరభోగి అన్నం, గోధుమ పిండివంట, పంచదార, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపళ్లు, పెరుగు. అదీ 'ఎవరి ఖర్చు వారిదే'. కాని ఖర్చుకు ఎదురుగా విస్తరి ఉంది. ఇక్కడ ఖర్చుకు ఎదురుగా పొడవాటి క్యూ, ఆ క్యూ చివర చల్లారిన చీజ్ పిజ్జా. నా పక్కన కూర్చున్న గుంటూరు బామ్మగారు సంచీలోంచి చలిమిడి ఉండలు తీసి తలా ఒకటి పెట్టారు. ఆ పూట నేను తిన్న తిండి అదొక్కటే.

మూలము: మ. 1.00 – 4.00. ప్రపంచ ప్రసిద్ధ నాసా అంతరిక్ష కేంద్రం – పూర్తి సందర్శనం.

టీక: 'పూర్తి' అర్థవాదము. పూర్వం చూడుడు.

ఆవరణలో ముందుగా కనబడేది ఒక పెద్ద విమానం, దాని వీపు మీద స్పేస్ షటిల్. ఇది అద్వైతులకు పండగ. కింది బోయింగ్ 747 సత్యం. నిజంగానే షటిళ్లను మోసిన విమానమది. పైనున్న షటిల్ మిథ్య. ఎన్నడూ ఎగరని నమూనా. "ఇది స్పేస్‌లోకి వెళ్లొచ్చిందే అంకుల్" అని గైడు రజ్జువు మీద సర్పాన్ని ఆరోపించాడు. 2011లో అసలు షటిళ్లను పంచినప్పుడు అవి ఫ్లోరిడాకూ, వాషింగ్టన్ శివారుకూ, లాస్ ఏంజెలెస్‌కూ, న్యూయార్కుకూ పోయాయి. ప్రతి షటిల్ యాత్రనూ నేల మీంచి నడిపిన హ్యూస్టన్‌కు నమూనా మిగిలింది. ఈ ఊరివాళ్లకు ఆ మంట ఇంకా చల్లారలేదు. గైడు కుర్రాడు ఇక్కడ పుట్టి పెరిగినవాడే, అతనికి మాత్రం ఆ మంట అంటలేదు.

చందమామ మీది అపోలో యాత్రలను నడిపిన పాత మిషన్ కంట్రోల్ గది ఉంది. 2019లో దాన్ని ఆనాటి సిగరెట్ బూడిద గిన్నెలతో సహా పునరుద్ధరించారు. అక్కడికి తీసుకుపోయే ట్రామ్ పాసులు మేము వచ్చేసరికే అయిపోయాయి. పొద్దున్నే వస్తే దొరికేవట. పొద్దున్న మేము రివర్ ఓక్స్‌లో గేట్లు లెక్కపెడుతున్నాం.

రెండో ట్రామ్ రాకెట్ పార్కుకు పోతుంది. అక్కడ శాటర్న్-5 రాకెట్ పడుకుని ఉంది. 363 అడుగుల పొడుగు. వెనక కొసన అయిదు ఇంజన్లు, ఒక్కో ఇంజను నోట్లో నలుగురు మనుషులు హాయిగా నిలబడొచ్చు. లోకంలో మిగిలిన మూడింటిలో, అన్ని అంచెలూ ఎగరడానికే తయారైనది ఇదొక్కటే. కాని ఒకే రాకెట్ కాదు. మొదటి అంచె ఒక రాకెట్‌ది, రెండోది మరో రాకెట్‌ది, మూడోది ఇంకోదానిది. మూడు తాళపత్ర ప్రతులు కలిపి కూర్చిన పరిష్కృత ప్రతి లాంటిది. చంద్రుడి మీదికి పోవలసిన యాత్రలు రద్దయ్యి, ఏళ్ల తరబడి గల్ఫ్ తేమలో ఆరుబయట తుప్పు పట్టి, చివరికి ఒక కప్పు కిందికి చేరింది.

మూడో అంచె దగ్గర నేను ఆగాను. అది 513వ నంబరు రాకెట్‌ది. ఆ రాకెట్ కింది రెండు అంచెలే 1973లో స్కైలాబ్‌ను మోసుకుపోయాయి. స్కైలాబ్‌కు మూడో అంచె అక్కరలేదు కనుక ఇది నేల మీద మిగిలిపోయింది. స్కైలాబ్ అంటే 1979 జులై. అది ఎక్కడ పడుతుందోనని మన ఊళ్లు వణికిన రోజులు. ఎట్లాగూ పోతామని కోళ్లూ మేకలూ కోసుకు తిన్న ఇళ్లున్నాయి. ఆ నెలలో పుట్టిన పిల్లలకు స్కైలాబ్ అని పేరు పెట్టినవాళ్లున్నారు. అది చివరికి హిందూ మహాసముద్రంలోనూ ఆస్ట్రేలియాలోనూ ముక్కలైంది. బస్సు నిండా ఆ జులైని చూసినవాళ్లే. నేను చెబితే బామ్మగారు ఆ ఇనుప గొట్టం వంక చూసి, "దీని తోబుట్టువులేనా నాయనా, మా నాన్న చేత పాడిగేదెను అమ్మించింది!" అన్నారు. చుట్టూ నలుగురు మూగారు. ఒకాయన తన ఊరి సంగతి ఎత్తుకున్నాడు. ఇంతలో గైడు జెండా ఊపాడు. శాటర్న్-5కు మాకిచ్చిన వేళ పావుగంట.

అన్వయం ఇప్పుడు చెబుతాను. ఈ అంతరిక్ష కేంద్రం ఉన్న నేల హంబుల్ ఆయిల్ కంపెనీది. ఆ కంపెనీ దాన్ని రైస్ యూనివర్సిటీకి ఇచ్చింది, రైస్ వెయ్యెకరాలు నాసాకు ఇచ్చింది. నిధుల పెత్తనమున్న ఆల్బర్ట్ థామస్ అనే హ్యూస్టన్ కాంగ్రెస్ సభ్యుడు రైస్‌లో చదివినవాడే. 1962 సెప్టెంబరు 12న అధ్యక్షుడు కెనడీ చంద్రుడి మీదికి పోదామని ప్రసంగించింది ఆ రైస్ స్టేడియంలోనే. ఆయన నిలబడిన ఉపన్యాస వేదిక ఇప్పుడు ఈ ప్రదర్శనశాలలో ఉంది. అంటే పొద్దున చూసిన ఆయిల్ డబ్బు, సచక్రంగా దాటేసిన యూనివర్సిటీ, మధ్యాహ్నం చూసిన రాకెట్ – మూడూ ఒకే వాక్యం. కర్త, కర్మ, క్రియ అన్నీ దారిలోనే పడి ఉన్నాయి. ఈ గ్రంథకర్త వాటి మధ్య గంటన్నర ట్రాఫిక్ తప్ప ఏమీ పెట్టలేదు. మేము ఆ వేదిక పక్కనుంచే పోయాం. గైడు దాని వైపు చెయ్యి కూడా చూపలేదు. నాకు కోపం వచ్చింది. ఇంత దూరం వచ్చి, ఇంత డబ్బు పోసి, పిల్లల చేత సెలవు పెట్టించడం ఇష్టం లేక పరాయివాళ్లతో వచ్చిన ముసలివాళ్లకు, ధరలు చెబితే చాలు, కథ అక్కరలేదని ఎవరు నిర్ణయించారు?

మూలము: సా. 4.00 – 4.45. సావనీర్ షాపింగ్.

టీక: స్పష్టము. శాటర్న్-5కు పావుగంట, అంగడికి ముప్పావుగంట అనునది గమనార్హము.

మూలము: గైడుకు టిప్పు మీ ఇష్టం.

టీక: కర్మలు నిత్యాలు, నైమిత్తికాలు, కామ్యాలు. ఫలం కోరితే చేసేది కామ్యం. 'మీ ఇష్టం' అన్నారు గనుక టిప్పు కామ్యమని పూర్వపక్షం. అది పొసగదు. టిప్పు ఇచ్చినవారికి ప్రత్యేక ఫలమేమీ కనబడలేదు. సీటు వెనక్కి వాలలేదు, ఏసీ పెరగలేదు. ఇవ్వనివారికి మాత్రం ప్రత్యవాయం ఉంది. బస్సు తలుపు దగ్గర గైడు నిలబడి, ఇవ్వనివారిని పేరు పెట్టి పిలిచి, "అంకుల్, ట్రిప్ నచ్చలేదా?" అని అందరూ వినేట్టు అడుగుతాడు. చేస్తే పుణ్యం లేక, మానితే పాపం వచ్చేది నిత్యకర్మ. కాబట్టి టిప్పు సంధ్యావందనం వంటి నిత్యకర్మయే అని సిద్ధాంతం. నేను అయిదు డాలర్లిచ్చాను. పదికి చిల్లర ఉందా అని బామ్మగారు నన్నడిగారు. గైడు "ఫర్వాలేదు ఆంటీ" అని పదీ ఉంచుకున్నాడు.