ఏడాదికి పన్నెండే మంచిరోజులు

చంద్రయాన్-3 ఎప్పుడు ఎగిరింది? 2023 జులై 14, మధ్యాహ్నం 2:35కి అని సూళ్లూరుపేటలో బడిపిల్లలు కూడా చెబుతారు. అదే తేదీని మన అలవాటు చొప్పున 14/07/2023 అని రాసి పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాష చేతిలో పెట్టండి. 1970 జనవరి 1, తెల్లవారి 5:30కి ఎగిరిందని ఒట్టేసి చెబుతుంది! అది ఎగిరిన శ్రీహరికోట దీవిని రాకెట్ల కోసం ఎంపిక చేసింది 1969లో. అక్కణ్ణుంచి మొదటి చిన్న రోహిణి రాకెట్ లేచింది 1971 అక్టోబర్ 9న. లాంచ్‌ప్యాడ్ పుట్టకముందే చంద్రుడి మీదికి రాకెట్ పంపిన ఘనత మన ప్రోగ్రామర్లకే దక్కింది.

పీహెచ్‌పీ ఇందులో దాచిందేమీ లేదు. అంకెల మధ్య వాలుగీత ఉంటే అమెరికా వరస, ముందు నెల, తర్వాత రోజు. అడ్డగీత ఉంటే మన వరస. మాన్యువల్‌లో రాసే ఉంది, చదివినవాళ్లకి. పద్నాలుగో నెల ఎంత వెతికినా దొరకదు కనుక తేదీని చదివే స్ట్ర్‌టుటైమ్ ఫంక్షన్ చేతులెత్తేస్తుంది. అది చెప్పిన 'కాదు'ను చూసుకోకుండా మనవాడు తీసుకెళ్లి డేట్ ఫంక్షన్‌కి అప్పగిస్తాడు. అక్కడ 'కాదు' సున్నా అవుతుంది. సున్నా అంటే దాని లెక్క మొదలయ్యే 1970.

ఇదింకా నయం, తప్పని కంటికి కనిపిస్తుంది. ఆదిత్య-ఎల్1 ఎగిరిన 02/09/2023 ఇస్తే చడీచప్పుడు లేకుండా ఫిబ్రవరి 9 చేస్తుంది. మంగళయాన్ 05/11/2013 కాస్తా మే 11 అయి కూర్చుంటుంది. లెక్కేయండి. ఏడాదిలో 221 రోజులకి చేతులెత్తేస్తుంది, 132 రోజులకి నవ్వుతూ అబద్ధమాడుతుంది. నిజం పలికేది పన్నెండంటే పన్నెండు రోజులు.

గంటల సంగతి మరీ ముచ్చట. చంద్రయాన్-2కి మొదటి ముహూర్తం 2019 జులై 15, అర్ధరాత్రి దాటాక 2:51. గంటసేపు కూడా లేదనగా ఆపేశారు. వారం తర్వాత ఎగిరింది మధ్యాహ్నం 2:43కి. గంటలకి చిన్న 'హెచ్' వాడి, పక్కన ఏఎమ్మో పీఎమ్మో చెప్పే 'ఏ' పెట్టడం మరిచిన మహానుభావుడి తెరమీద రెండూ ఒక్కటే: 02:51, 02:43. రాకెట్ లేచే వేళకి వేటకి పోవద్దన్న కబురు ఇలా వస్తే తూపిలిపాలెం పడవలు ఏ రెండు గంటలకి ఒడ్డున ఉండాలి? నిమిషాలకి 'ఐ' అనే అక్షరం, 'ఎం' నెలది. అది తెలియక 'ఎం' కొట్టాడా, జులై అంతా ఏ గంటకైనా ఏడే నిమిషాలు.

సర్వర్‌కి మన టైమ్‌జోన్ ఆసియా/కోల్‌కతా అని చెప్పలేదనుకోండి, గ్రీన్‌విచ్ కాలమే రాజ్యం. దేశం మొత్తానికీ టైము చెప్పే 82.5 డిగ్రీల రేఖ మన కాకినాడ పక్కనుంచే పోతుంది. అయినా తెల్లవారి 5 గంటలకి పెట్టుకున్న దరఖాస్తు మీద నిన్నటి తేదీ పడుతుంది. గడువు నేటినుంచే అయితే మీరు తొందరపడ్డట్టు.

ఇలా ఓ పెద్దాయన పుట్టినతేదీ తారుమారైతే శిక్ష ఎవరికి? ప్రోగ్రామరు 'సర్వర్ ప్రాబ్లం' అంటాడు. అధికారి 'పైవాళ్లను అడగాలి' అంటాడు. "సిస్టంలో అట్లానే ఉండాది పెద్దాయనా, పుట్టినరోజు అఫిడవిట్ తీసుకురా" అని కౌంటరు గుమాస్తా తీర్పు చెబుతాడు. తప్పు రాసింది కంప్యూటరు, నోటరీకి డబ్బు కట్టేది పెద్దాయన.

మందు లేదా అంటే భేషుగ్గా ఉంది. క్రియేట్‌ఫ్రమ్‌ఫార్మాట్ అని పిలిచి, ముందు రోజు, తర్వాత నెల, ఆపైన సంవత్సరం అని చెబితే అమెరికా ఊసెత్తదు. దాచేటప్పుడు ఐఎస్‌ఓ 8601 ప్రకారం 2023-07-14 అని దాచితే ఎవరికీ అనుమానం రాదు. రెండు లైన్ల పని. టెండరులో లేదు కాబోలు, చెయ్యరు.

ఒక్క మాటకి మాత్రం ప్రభుత్వాన్ని మెచ్చుకోవాలి. శ్రీహరికోటను నెల్లూరు జిల్లానుంచి తీసి తిరుపతి జిల్లాలో కలిపింది 04/04/2022న. ఎటునుంచి చదివినా చెడని తేదీ! అదే దారిలో ఇంకో జీవో ఇచ్చేస్తే గొడవ వదిలిపోతుంది. ఇకమీదట బిడ్డల్ని కనడం, పడవలు రిజిస్టరు చేయించడం, రాకెట్లు ఎగరేయడం, అన్నీ ఒకటో నెల ఒకటి, రెండో నెల రెండు, ఇలా ఆ పన్నెండు రోజుల్లోనే కానివ్వాలి. మిగతా 353 రోజులకీ 'సర్వర్ డౌన్' బోర్డు ఉండనే ఉంది.