శ్రీయుత సెక్షన్ 62 గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ సరుకుల విక్రయ చట్టం, 1930లో కొలువుదీరిన 62వ సెక్షన్ గారికి, బిల్లు వెనకవైపు చదివే అలవాటు లేని ఒక కొనుగోలుదారుడు నమస్కరించి రాసుకునే విన్నపం.

అయ్యా,

తమ ఇంట్లో 14 నుంచి 17 దాకా ఉన్న అన్నదమ్ములు మా పాలిట దేవుళ్లు. అమ్మేవాడికి ఆ సరుకు అమ్మే హక్కు ఉండాలంటారు 14 గారు. చెప్పిన రకమే ఇవ్వాలంటారు 15 గారు. ఏ పనికో చెప్పి, అతని అనుభవాన్ని నమ్మి కొంటే ఆ పనికి అక్కరకు రావాలంటారు 16 గారు. నమూనా ఒకటి చూపించి సరుకు ఇంకొకటి ఇస్తే ఒప్పుకోరు 17 గారు. ఇవేవీ బిల్లులో రాయకపోయినా ఉన్నట్టే లెక్క. షరతు తప్పితే సరుకు తిప్పి పంపవచ్చనీ, వారంటీ తప్పితే నష్టపరిహారమే దక్కుతుందనీ తేడా చెప్పింది 12 గారు.

ఇంతమంది ఇచ్చిన వరాలను తమరు ఒక్క వాక్యంతో ఊడబెరుకుతారు: ఇరుపక్షాలూ అనుకుంటే ఇవేవీ వర్తించవట!

అనుకోవడం ఎలా ఉంటుందో గుంటూరు వైపు వచ్చి చూడండి. మిరప విత్తనం పది గ్రాముల ప్యాకెట్. వెనక చీమ తలకాయంత అక్షరాల్లో దిగుబడికి పూచీ లేదని ఉంటుంది. బిల్లు మీద ఊదారంగు స్టాంపు: ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’. రైతు డబ్బు కట్టి ప్యాకెట్ జేబులో వేసుకుంటాడు. తమరి దృష్టిలో ఇద్దరూ చర్చించుకుని ఒప్పందానికి వచ్చేశారు!

నారు పోసి, నాటి, కాపు వచ్చాకగానీ రకం తేడా బయటపడదు. అప్పటికి సరుకు స్వీకరించినట్టే కాబట్టి, 13 గారి లెక్కలో షరతు కాస్తా వారంటీ స్థాయికి దిగిపోతుంది. విత్తనం భూమిలో ఉంది, వెనక్కి ఏమిస్తాడు? మిగిలేది నష్టపరిహారం. దాన్ని కూడా తమరి పేరు చెప్పి ఎగ్గొట్టబోతారు.

తమరి పుట్టింటి సంగతి కూడా మాకు తెలుసు. ఇంగ్లండులో 1893 చట్టం 55వ సెక్షన్ తమరికి మూలపురుషుడు. అక్కడ కూడా ఒక రకం మేత విత్తనమని అమ్మితే ఇంకో రకం మొలిచింది. ‘వారంటీ ఇవ్వడం లేదు’ అని ముందే రాసుకున్నామన్నాడు వర్తకుడు. తప్పింది వారంటీ కాదు, షరతు, దాన్ని మీరు తోసిపుచ్చలేదుగా అని 1911లో ప్రభువుల సభ కొనుగోలుదారుడిని గెలిపించింది. అమ్మకందార్ల వకీళ్లు మాత్రం ఆ తర్వాత రెండు మాటలూ కలిపి రాయడం నేర్చుకున్నారు. చివరికి వినియోగదారుల విషయంలో ఆ దారిని 1973, 1977 చట్టాలతో మూసేశారు. తమరు మాత్రం 1930 నుంచి ఇక్కడ చెక్కుచెదరకుండా ఉన్నారు.

మాకు దిక్కే లేదని కాదు. నాసిరకం విత్తనం మీద రైతు వినియోగదారుల ఫోరానికి వెళ్లవచ్చని 2012లో సుప్రీంకోర్టు తేల్చింది. కొన్నదంతా చల్లేసే రైతును పరీక్షకు నమూనా తెమ్మనడం న్యాయం కాదనీ గుర్తించింది. లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులో, గడువు లేకపోతే 30 రోజుల్లో, వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అన్యాయ వ్యాపార పద్ధతి. ఊదారంగు స్టాంపుకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. అన్యాయపు ఒప్పందం అని ఫిర్యాదు చేయాలంటే మాత్రం జిల్లా వినియోగదారుల కమిషన్ చాలదు, రాష్ట్ర కమిషన్ మెట్లెక్కాలి. పది గ్రాముల ప్యాకెట్ కోసం ఎందరు ఎక్కుతారు?

వర్తకులు వర్తకులతో ఏం రాసుకున్నా మాకు అభ్యంతరం లేదు. సొంత వాడకానికో, సొంత చేనికో కొనేవాడి దగ్గర మాత్రం తమరి అధికారం చెల్లదని ఒక్క వాక్యం చేర్పించండి. పార్లమెంటుకు అదేమీ పెద్ద పని కాదు. ఈలోగా తోటి కొనుగోలుదారులకు ఒక మాట: స్టాంపు చూసి వెనక్కి తగ్గకండి. బిల్లూ, ఖాళీ ప్యాకెట్టూ పారేయకండి.

ఇట్లు
తమ విధేయుడు కాని
ఒక కొనుగోలుదారుడు