షాఫ్టన్న

ముందు మనిషి కనపడడు. జీపు కింద నుంచి రెండు కాళ్లు కనపడతాయి. ఆ కాళ్లను బట్టి షాఫ్టన్న ఊళ్లోనే ఉన్నాడని తెలుసుకోవాలి.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా ఇట్లాంటివాడు ఊరికొకడు తగులుతాడు. పాత మహీంద్రా ఎంఎం 540 కొంటాడు. కొన్న వారానికే కమాన్ పట్టీలు మార్చి నాలుగంగుళాలు పైకి లేపుతాడు. ఎందుకన్నా అంటే ‘నల్లమల’ అంటాడు. నల్లమలకు ఇంకా ముహూర్తం కుదరలేదు. ఉగ్గాని బజ్జికి మాత్రం రోజూ ఫోర్‌వీల్ లివర్ మీద చెయ్యేసుకుని పోతాడు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండి రూపురేఖలు ఇష్టమొచ్చినట్టు మార్చొద్దంటుంది. అందుకే ఆర్టీవో ఆఫీసు దారిలో ఆయన జీపు తనంతట తానే సందులోకి తిరుగుతుంది.

తమాషా ఏమంటే, లేచింది చాసిస్, దాని మీదున్న బాడీ మాత్రమే. ఇరుసు హౌసింగ్ చక్రాలతోపాటు ఉన్నచోటే ఉంది. దాని కింద జాగా పెరగాలంటే పెద్ద టైర్లు వేయాలి. ఈ మాట చెబితే షాఫ్టన్న జాలిగా చూస్తాడు. ఆ చూపు పడలేకే నేను చెప్పడం మానేశాను.

అసలు కథ ఇక్కడ మొదలు. ట్రాన్స్‌ఫర్ కేసు మీదికి పోయింది, హౌసింగ్ కిందే ఉండిపోయింది. రెంటినీ కలిపే ప్రొపెల్లర్ షాఫ్ట్ ఏటవాలైంది. వెనక షాఫ్ట్ పొట్టిది కాబట్టి దాని వాలు మరీ ఎక్కువ. షాఫ్ట్ కొసన వంగి తిరిగే యూజే (యూనివర్సల్ జాయింటు) క్రాసు వల్ల ఒక్కో చుట్టులో రెండుసార్లు వేగం పెరిగి తగ్గుతుంది. రెండు కొసల కోణాలూ సమానమైతే ఒకదాని తేడాను ఇంకొకటి మింగేస్తుంది. లేదంటే శిరివెళ్ల దాటేలోగా అద్దం, సీటు, పక్కనున్న బావమరిది అన్నీ వణుకుతాయి. ఆ వణుకుతో షాఫ్టన్నకు జీవితంలో ఒక పని దొరికింది.

‘‘లేత్‌లో పైపు పొడుగు చేసి, వెల్డింగ్ పెట్టి, బ్యాలెన్స్ చేయిస్తే సాలన్నా’’ అన్నాడు మెకానిక్ భాయ్.

‘‘సాలదు భాయ్. పైపు మందం పెంచాల. క్రాసు పెద్దది కావాల.’’

‘‘క్రాసు పోతే రోడ్డు పక్కనే మార్చుకోవచ్చు. దాన్ని గట్టిది చేస్తే లోపల క్రౌను పళ్లు పోతాయి. బండి లారీ మీద నా షెడ్డుకే వస్తాది. నాకైతే మంచిదే.’’

షాఫ్టన్నకు ‘మంచిదే’ ఒక్కటే వినపడింది.

ఇప్పుడు రెండు క్రాసులు పక్కపక్కన ఉండే డబుల్ కార్డాన్ మీద మనసు పడింది. దానికి హౌసింగ్‌ను తిప్పి పినియన్ మూతిని షాఫ్ట్ వైపు ఎత్తాలి. ఆ పేరు వెనకున్న కార్డానో పదహారో శతాబ్దపు ఇటలీవాడు. వైద్యుడు, లెక్కల పండితుడు, జ్యోతిష్కుడు, జూదరి. మనవాడిలో వైద్యం తప్ప అన్నీ కొద్దికొద్దిగా ఉన్నాయి. జూదం పాలు కొంచెం ఎక్కువ, షాఫ్ట్ కంటితో చూడకముందే అడ్వాన్సు కట్టేస్తాడు.

ఇక కొలతలు. చక్రం గుంతలోకి వేలాడినప్పుడు స్లిప్ జాయింటు ఊడి రాకూడదు, పట్టీలు అణిగినప్పుడు గేరుబాక్సును పొడవకూడదు. ఇవి ఎక్కడ గుర్తొస్తే అక్కడ తీస్తాడు. ఒకసారి ఆళ్లగడ్డలో శిల్పుల షెడ్డు ముందే బండి ఆపి, కోణం కొలవడానికి ఫోను పట్టుకుని కిందికి దూరాడు. ఉలి ఆపి కాసేపు చూసిన శిల్పి, ‘‘ఏ కోణం కావాల్నో చెప్పన్నా, రాయిలో చెక్కిస్తా’’ అన్నాడు.

చివరికి అహోబిలం పోయాడు. అక్కడ పావన నరసింహస్వామి గుడికి అడవిలో రాళ్ల దారిన బాడుగ జీపులు తిరుగుతాయి. వాటి డ్రైవర్లు బండి కిందికి తొంగిచూడరు, జనాన్ని లెక్కపెట్టుకుంటారు. ఒక డ్రైవరు సీటు కింద గోనెసంచిలో రెండు క్రాసులు చూపించి, ‘‘ఇవి ఉంటే యాడికైనా పోతాం’’ అన్నాడు.

ఇంతలో ఒక అవ్వ షాఫ్టన్న జీపు చూసి ముచ్చటపడి దగ్గరికొచ్చింది. ఎక్కే మెట్టు ఆమె నడుం దాకా ఉంది.

‘‘దీన్ని ఎక్కేకి నిచ్చెన తెచ్చినావా నాయనా?’’

‘‘మడత నిచ్చెన వస్తాదవ్వా. ఇనుముది, అల్యూమినియందీ రెండు రకాలుండాయి. బరువు లెక్కన చూస్తే...’’

అవ్వ అప్పటికే బాడుగ జీపెక్కింది.