ఓరుగంటి డీజే పద్యం: టీకా, తాత్పర్యం

అవతారిక

ఈ పద్యకర్త ఎవరో తేలలేదు. ఓరుగల్లుకు ఇది కొత్త కాదు. ఇద్దరు మిత్రులు ఈ నగర వీధుల్లో ఒక రోజంతా తిరిగి ఆటలూ పాటలూ చూసిన క్రీడాభిరామం వినుకొండ వల్లభరాయడిదా, శ్రీనాథుడిదా అని పండితులు ఎంతకాలం కొట్లాడారో అందరికీ తెలుసు. మన పద్యం హనుమకొండ చౌరస్తాలో పుట్టిందని కొందరు, కాజీపేటలో పుట్టిందని కొందరు అంటారు. బిల్లు మీద రాసిచ్చిన పద్యం కాదు కనుక జీఎస్టీ ఆధారంగా తేల్చే వీలు కూడా లేదు.

సందర్భం ఇది. డిగ్రీ చదువుతూ పెళ్ళి బరాత్‌లకు డీజే కొట్టాలని పూనుకున్న ఒక పిల్లవాడు, సౌండ్ సర్వీసు నడిపే పెద్దమనిషి దగ్గరకు పోయి, “అన్నా, యాభై వేలున్నయ్. బాక్సులు కొందామనుకుంటున్న” అన్నాడు. అన్న టార్పాలిన్ కింద వరుసగా పేర్చిన సొంత బాక్సుల వైపు ఒకసారి చూసి, “పెట్టనీకి జాగున్నదా తమ్మీ?” అని అడిగి, జవాబు రాకముందే ఈ పద్యం చెప్పాడు.

మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ కోలాచలం మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేసుకున్నాడు. ఓరుగల్లు ఆస్థానంలో విద్యానాథుడు రాసిన ప్రతాపరుద్రీయానికి ఆయన కుమారుడు కుమారస్వామి రత్నాపణమనే వ్యాఖ్య రాశాడు. ఈ టీక ఆ తండ్రీకొడుకుల బాటలోనే నడుస్తుంది. అక్కడక్కడా అక్కరలేనిది కూడా చెప్పబడును. డీజే అన్నాక నడుమ ఒక హారన్ కొట్టకపోతే జనం ఊరుకోరు.

మూలం

ఆ.వె.
రెండు పళ్లెరములు దండిగాఁ దిరుగంగఁ
జెవిని మూయు నదియె చెంత నుండ
వినెడి దెల్లఁ గొనుము వినిపించు నది యద్దె
కిదియె యోరుగంటి కెఱుక తమ్మి!

ప్రతిపదార్థం

తమ్మి = ఓ తమ్ముడా (ఇంకా ఒక్క బయానా కూడా అందుకోనివాడా అని ధ్వని); రెండు పళ్లెరములు = కంట్రోలర్ మీది రెండు జాగ్ వీల్స్; దండిగాన్ = బాగుగా, వణుకు లేకుండా; తిరుగంగన్ = తిరుగుచుండగా; చెవిని మూయునదియె = హెడ్‌ఫోనే; చెంతన్ + ఉండన్ = దగ్గర ఉండగా; వినెడిది + ఎల్లన్ = నీవు వినుటకు పనికివచ్చు సామానంతయు; కొనుము = సొంత పైసలతో కొనుక్కో; వినిపించునది = వాడకట్టుకు వినిపించు సామాను, అనగా బాక్సులు, ఆంప్లిఫయర్లు, జనరేటర్, వీటిని మోయు డీసీఎం; అద్దెకున్ = కిరాయికి (తెచ్చుకొనుము అని అధ్యాహారం); ఇదియె = ఇదే; ఓరుగంటికిన్ = ఓరుగల్లుకు; ఎఱుక = తెలిసిన సంగతి.

తాత్పర్యం

తమ్ముడా! రెండు పాటలను కలపగలిగే పెట్టె (కంట్రోలర్), తర్వాతి పాటను ముందుగా వినే హెడ్‌ఫోన్ నీ సొంతం కావాలి. జనానికి వినిపించే బాక్సులు మాత్రం ఏ రోజుకారోజు కిరాయికి తెచ్చుకో.

విశేషాలు

రెండు: ఒక్కటి ఎందుకు చాలదు? జనం ఒక పాట వింటుండగా డీజే తర్వాతి పాటను సిద్ధం చేసుకోవాలి. ఫోన్ ఉందిగా అనేది పూర్వపక్షం. ఫోన్‌కైనా లాప్‌టాప్‌కైనా మామూలుగా శబ్దం బయటికి పోయే దారి ఒక్కటే. అందులో తర్వాతి పాట వెతికితే ఆ వెతుకులాట కూడా బరాత్ అంతా వింటుంది. కంట్రోలర్ లోపలుండే సౌండ్‌కార్డు ఈ దారిని రెండు చేస్తుంది: ఒకటి జనానికి, ఒకటి డీజే చెవికి. పైసలు బొత్తిగా లేనివారు స్ప్లిటర్ కేబుల్‌తో ఎడమ చానెల్ జనానికీ, కుడి చానెల్ చెవికీ ఇచ్చి నడిపిస్తారు. స్టీరియో పోతుంది, పని జరుగుతుంది. ఇది ఆపద్ధర్మం.

నాలుగు ఎందుకు వద్దు? నాలుగు చానెళ్ళ పెట్టెలున్నాయి. కొత్తవాడికి చేతులు రెండే కనుక కవి ‘రెండు’ అన్నాడు.

పళ్లెరములు: వీటి వంశం పెద్దది. 1972లో వచ్చిన టెక్నిక్స్ ఎస్ఎల్-1200 టర్న్‌టేబుల్ మూలపురుషుడు. 2001లో పయొనీర్ వారి సీడీజే-1000 సీడీలోని పాటను కూడా చేత్తో పట్టి తిప్పే పళ్ళెం తెచ్చింది. ఈ రెండు పెద్ద వంశాల సామాను కొత్తగా కొని, మిక్సర్‌తో జత కూర్చితే లెక్క లక్షల్లోకి పోతుంది. పైగా గుంతల రోడ్డు మీద కదిలే డీసీఎంలో రికార్డు మీది ముల్లు నిలవదు, ఎగిరి పడుతుంది. కంట్రోలర్ పళ్ళెం కింద రికార్డూ లేదు, సీడీ లేదు. పాట లాప్‌టాప్‌లో ఉంటుంది, పళ్ళెం ఆజ్ఞ మాత్రమే ఇస్తుంది. అందుకని బరాత్‌కు ఇదే యోగ్యం.

దండిగా: ఈ మాట మీద వ్యాఖ్యాతలకు పేచీ ఉంది. ధర దండిగా ఉండాలని దుకాణదారుల అర్థం. అది గ్రాహ్యం కాదు. పళ్ళెం ఒణకకుండా తిరగాలనీ, పక్కనున్న టెంపో స్లైడర్ నిడివిగా ఉండాలనీ అర్థం. నిమిషానికి 100 దెబ్బల పాట మీదికి 105 దెబ్బల పాట తేవాలంటే మొదటిదాన్ని ఐదు శాతం పెంచాలి. స్లైడర్ మరీ పొట్టిదైతే వేలు వెంట్రుకవాసి జరిగినా శాతం దాటిపోతుంది, తాళాలు గుర్రాల్లా ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. ‘సింక్’ బొత్తం నొక్కితే పెట్టే సరిచేస్తుంది కదా అంటారు. చేస్తుంది. కానీ డప్పు చేత్తో కొట్టి రికార్డు చేసిన జానపదంలో వేగం నిలకడగా ఉండదు, పెట్టె లెక్క తప్పుతుంది. బతుకమ్మ పాట నుంచి తీన్మార్‌కు దూకే చోట చెవి ఒక్కటే దిక్కు.

ఇక ఏ పెట్టె? పయొనీర్ డీజే వారి డీడీజే-ఎఫ్ఎల్ఎక్స్4 ముప్పై వేల చుట్టుపక్కల దొరుకుతుంది. యూఎస్‌బీ కరెంటుతోనే నడుస్తుంది, లాప్‌టాప్ లేనివాడు ఫోన్‌కు కూడా తగిలించుకోవచ్చు. అంతకు తక్కువలో హెర్క్యులెస్ వారి ఇన్‌పల్స్ 200 ఉంది. సాఫ్ట్‌వేర్‌కు రికార్డ్‌బాక్స్, సెరాటో డీజే లైట్ ఉన్నాయి. మిక్స్ అనేది పూర్తిగా ఉచితం, ఎవరైనా విప్పి చూసుకోదగ్గది. పాత పెట్టె కొనేవారు మూడు పరీక్షలు చేయాలి: పాట నడుస్తుండగా ఫేడర్ జరిపితే కరకర రాకూడదు, పళ్ళెం తాకిన వెంటనే పాట ఆగాలి, యూఎస్‌బీ పిన్ కదిపితే పెట్టె చావకూడదు. ఈ మూడోది చూడనివాడు పెండ్లికొడుకు గుర్రం దిగే వేళకు చూస్తాడు.

చెవిని: ఏకవచనం గమనించాలి. ‘చెవులు మూయు’ అని పాఠాంతరం ఉంది. గణాలు సరిపోతాయి గానీ అర్థం సరిపోదు. డీజే ఒక చెవికే హెడ్‌ఫోన్ పెట్టుకుంటాడు. రెండో చెవి బయట నడిచే పాట మీద ఉండాలి. రెండు చెవులూ మూసుకునేది చుట్టుపక్కల ఇళ్ళవారు. ఆ పాఠం వారి ప్రతుల్లోనిదని తోస్తుంది.

మూయు: వెనకవైపు మూసి ఉన్న హెడ్‌ఫోనే కావాలి. తెరిచిన రకం బేస్ బాక్సు పక్కన పనికిరాదు. బ్లూటూత్ అసలే వద్దు. నిమిషానికి 120 దెబ్బల పాటలో దెబ్బకూ దెబ్బకూ నడుమ అర సెకనే ఉంటుంది. గాలిలో వచ్చే శబ్దం సెకనులో ఐదో వంతు ఆలస్యమైనా చెవిలో తాళం ఒక చోట, జనం కాళ్ళు ఇంకొక చోట పడతాయి. వైరు ఉన్నదే శ్రేష్ఠం.

ఎల్లన్: ఈ ఒక్క మాటలో కవి మూడు ఖర్చులు ఇమిడ్చాడు. మొదటిది కేబుళ్ళు. చిన్న కంట్రోలర్లకు వెనక సాధారణంగా ఆర్‌సీఏ పిన్నులుంటాయి. సౌండ్ సర్వీసు మిక్సర్‌కు ఎక్స్ఎల్ఆరో, లావు జాక్ పిన్నో ఉంటుంది. నడుమ మార్చే తీగ మన సంచిలో లేకపోతే ముప్పై వేల పెట్టె మూగదే. ఆర్‌సీఏ తీగ పొట్టిగా ఉండాలి, పొడుగైతే గుయ్యిమనే మోత పట్టుకుంటుంది. అన్నీ సరిగా ఉన్నా జనరేటర్ కరెంటు మీద మోత వస్తే లాప్‌టాప్ చార్జర్ ఒకసారి పీకి చూడాలి. మోత పోతే దోషం బాక్సులది కాదు, ఎర్తింగ్‌ది. లాప్‌టాప్ బ్యాటరీ నిండుగా ఉంచుకుని పోవడం ఇందుకే.

రెండోది పాటలు. 128 కేబీపీఎస్ పాట ఫోన్‌లో బాగానే ఉంటుంది, పద్దెనిమిది అంగుళాల బేస్ మీద దాని బండారం బయటపడుతుంది. 320 కేబీపీఎస్‌వి సంపాదించి డిస్క్‌లో పెట్టుకోవాలి. బరాత్ నడిచే సందులో నెట్ వస్తుందని నమ్మినవాడు కవి కాడు, డీజే అంతకన్నా కాడు. మూడోది అభ్యాసం. దానికి ధర లేదు కనుక కవి చెప్పకుండా వదిలేశాడు.

వినిపించు నది యద్దెకు: పద్యానికి ఇదే ప్రాణం. ఇందుకు కారణాలు మూడు.

ఒకటి, శబ్దశాస్త్రం. ఆంప్లిఫయర్ వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది మూడు డెసిబెల్సే. చెవికి ‘రెండింతలు’ అనిపించాలంటే సుమారు పది డెసిబెల్స్ కావాలి, అంటే వాట్లు పదింతలు. పక్క వీధి డీజేను మించాలని బాక్సులు కొనడం మొదలుపెట్టినవాడికి ఆగే చోటు లేదు.

రెండు, పంచాంగం. మూఢమొస్తే ముహూర్తాలుండవు, ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు. కిస్తీకి మూఢం లేదు. కిరాయికి తెచ్చినవాడు ఆ నెలల్లో కూర్చుని మిక్సింగ్ నేర్చుకుంటాడు, కొన్నవాడు బాక్సులకు పట్టిన ఎలుకలను కొడతాడు.

మూడు, చట్టం. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగంగా లౌడ్‌స్పీకర్లు మోగించకూడదు. ఏడాదిలో 15 రోజులకు మించకుండా పండుగ వేళల్లో అర్ధరాత్రి దాకా సడలించే అధికారం రాష్ట్రానికుంది. ఇళ్ళ మధ్య పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. 2024 అక్టోబరులో హైదరాబాద్ నగర పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజే సౌండ్ సిస్టమ్‌లను నిషేధించారు. అటువంటి ఉత్తర్వు ఒకటి వస్తే లక్షలు పోసిన బాక్సులు ఇంట్లో బల్లలవుతాయి. కంట్రోలరూ హెడ్‌ఫోనూ సంచిలో వేసుకుని హాల్లో రిసెప్షన్‌కు పోవచ్చు.

ఇక్కడ ‘వినిపించు నది యప్పుకు’ అని మరో పాఠముంది. ఛందస్సు చెడదు, సంసారం చెడుతుంది. ఫైనాన్సు వారి తాళపత్రాల్లోనే కనిపిస్తుంది కనుక ప్రక్షిప్తం.

పూర్వపక్షం, సిద్ధాంతం

“పెద్ద సామాను లేనిదే పెద్ద విద్య రాదు. నృత్తరత్నావళి రాసిన జాయప సేనాని గణపతిదేవుడి గజసేనకే అధిపతి కదా?” అని ఒక ఆక్షేపం. నిజమే. కానీ ఆ ఏనుగులు రాజువి, జాయపవి కావు. దాణా కూడా రాజుదే. సొంతంగా ఆయన కూడబెట్టుకున్నది నృత్తజ్ఞానం. కనుక ఈ దృష్టాంతం మన కవి వైపే నిలుస్తుంది.

“బాక్సులుంటేనే డీజే అంటరు” అని రెండో ఆక్షేపం. బాక్సులున్నవారిని సౌండ్ సర్వీసు అంటారు. అదొక గౌరవనీయమైన వ్యాపారం, దానికి గోదాము, హమాలీలు, డ్రైవరు కావాలి. పద్యం చెప్పిన అన్న ఆ వ్యాపారంలో ఉన్నవాడు. అద్దెకు తెచ్చుకొమ్మనడంలో ఆయనకు స్వలాభం లేదా? ఉంది. స్వలాభమున్నా సలహా సరైనదే కావచ్చునని లోకరీతి.

అలంకారం, ఛందస్సు

హెడ్‌ఫోన్‌ను పేరు పెట్టకుండా ‘చెవిని మూయునది’ అనడం పర్యాయోక్తం. ఊరందరికీ వినిపించేవాడు సొంతంగా ఉంచుకోవలసింది వినే సామానే అనడం విరోధాభాసం. ఆటవెలది. మొదటి పాదంలో ప్రాసయతి, తక్కినవాటిలో జె–చెం, వి–వి, కి–కె యతులు.

ఫలశ్రుతి

యాభై వేలున్నవారు ముప్పై వేలు కంట్రోలర్‌కు, నాలుగైదు వేలు హెడ్‌ఫోన్‌కు, రెండు వేలు కేబుళ్ళకు పెట్టి, మిగిలింది మొదటి కిరాయిలకు దాచుకోవాలి. కోఠి గుజరాతీ గల్లీకి పోయి కొన్నా, ఇంటికి తెప్పించుకున్నా వారంటీ కాగితం అడిగి తీసుకోవాలి. ఈ పద్యార్థం తెలిసి బాక్సులు కొనకుండా ఆగినవాడు మూఢంలో కూడా హాయిగా నిద్రపోతాడు. రాత్రి పదింటికి ఆపితే వాడకట్టు కూడా నిద్రపోతుంది.