అద్దె లండన్‌ది, విమానాలు వాషింగ్టన్‌వి

చాగోస్ దీవుల్ని మారిషస్‌కు అప్పగించి, వాటిలోని డియేగో గార్సియా సైనిక స్థావరాన్ని బ్రిటన్ అద్దెకు తీసుకునే బేరం 2025లో కుదిరింది కదా, సంతోషం. బేరం ప్రకారం దీవి మారిషస్‌ది, అద్దె బ్రిటన్‌ది, బాంబర్లు అమెరికావి. స్థావరం నడిపే ఖర్చు అమెరికాదేననీ, అది తాము కట్టే అద్దెకంటే చాలా ఎక్కువనీ లండన్ మంత్రులు మురిసిపోయారు. తన విమానాల్లో తనే ఇంధనం పోసుకోవడాన్ని ఖర్చులు పంచుకోవడం అంటారన్నమాట!

నాకు మహా నచ్చింది వాళ్ళ లెక్క. ఏటా సగటున 10.1 కోట్ల పౌండ్లు, 99 ఏళ్ళు. ఐదో తరగతి పిల్లాడైనా వెయ్యి కోట్లంటాడు. ప్రధాని స్టార్మర్ 340 కోట్లేనన్నారు. ఆ 10.1 చెప్పినప్పుడే రాబోయే ద్రవ్యోల్బణం తీసేసి నేటి ధరల్లో చెప్పారు. అక్కడితో ఆగితేనా? ఎప్పుడో కట్టబోయే డబ్బుకు ఇప్పటి డబ్బంత బరువుండదంటూ మళ్ళీ కోశారు. మనవడు కట్టే వాయిదా వాయిదా కిందికే రాదు.

ఇదేదో బాగుందని నా ఇంటి అప్పు కాగితాలు ముందేసుకుని అదే పద్ధతిలో కోశాను. అప్పు చూస్తుండగానే చిక్కిపోయింది. బ్యాంకు మేనేజరుకు చూపిస్తే, ఓపిగ్గా విని, "చాలా బాగుంది సార్, ఐదో తారీఖు వాయిదా మాత్రం పూర్తిగా కట్టండి" అన్నాడు. మారిషస్ కూడా అంతే అంటుంది. తొలి మూడేళ్ళూ ఏటా 16.5 కోట్లు, పైసా కోత లేకుండా.

అమెరికా ఎన్నడూ ఏమీ ఇవ్వలేదనకండి, పాపం. ఈ స్థావరానికి బదులుగా 1966లో బ్రిటన్ కొన్న పొలారిస్ క్షిపణుల బిల్లులో 1.4 కోట్ల డాలర్లు వదిలేసింది. అదీ పార్లమెంటు చెవిన పడకుండా, చాటుగా.

హిందూ మహాసముద్రం శాంతి మండలంగా ఉండాలని ఒకప్పుడు ఐక్యరాజ్యసమితిలో గొంతెత్తిన మన ఢిల్లీ కూడా ఈ ఒప్పందాన్ని స్వాగతించింది.

చాలు వెటకారం. ఆ స్థావరం ఖర్చు మోసింది 1968-73 మధ్య బ్రిటన్ ఆ దీవుల నుంచి గెంటేసిన చాగోసియన్లు. తరతరాలుగా కొబ్బరి తోటల్లో బతికిన మనుషుల్ని కాంట్రాక్టు కూలీలని కాగితాల మీద రాసి ఓడలెక్కించారు. వాళ్ళ పెంపుడు కుక్కల్ని షెడ్డులో తోసి, పొగబెట్టి చంపారు. మారిషస్ మురికివాడల్లో వదిలేసి, 1982లో 40 లక్షల పౌండ్లు విదిల్చి, చదువు రానివాళ్ళ చేత ఇంగ్లీషు కాగితాల మీద వేలిముద్రలు వేయించుకున్నారు. సిగ్గన్నది ఉండాలి! ఈసారి బేరంలోనైనా వాళ్ళకో కుర్చీ వేశారా? లేదు. డియేగో గార్సియాలో పుట్టిన ఇద్దరు ఆడవాళ్ళు కోర్టుకెక్కితే మే 22 నాటి సంతకాలు ఆగింది కొన్ని గంటలే. వాళ్ళ పేరు చెప్పి 4 కోట్ల పౌండ్ల నిధి పెడతారట. తొలి ఏడాది అద్దెలో మూడు నెలల మొత్తం కూడా కాదది. పోనీ వాళ్ళ చేతికిస్తారా అంటే, ఇచ్చేది మారిషస్ చేతికి.

మిగతా దీవులకు తిరిగి వెళ్ళొచ్చట. డియేగో గార్సియాకు మాత్రం కుదరదు. అక్కడ అద్దె కట్టనివాళ్ళు కాపురం ఉంటున్నారు.